ముప్పై ఆరో ట్యాబ్

బొంతలవలస ఉన్నత పాఠశాలలో కూర్మారావు అని ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు. ఆయనకు లెక్కల మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం.

తరగతి గదికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవాడు. పది అడుగులు నడిచాక, మూడోసారి సరిగ్గా లాగానో లేదోనని వెనక్కి వచ్చేవాడు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే "పాఠం వినలేదు" అనేవాడు. సరిగ్గా చేస్తే "ఎవరిది చూసి రాశావు?" అనేవాడు. ఎవరైనా తనంతట తాను టీ తెచ్చి ఇస్తే, గ్లాసు అందుకోకముందే "ఏం పని పడింది నాతో?" అని అడిగేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఒక్కరోజు పాఠం ఎగ్గొట్టి ఎరగడు. అందుకే బడిలో అందరూ ఆయన అనుమానాన్ని భరించేవారు, చాటుగా నవ్వుకునేవారు.

ఒక ఏడాది ఆ బడికి ముప్పై ఆరు ట్యాబ్‌లు వచ్చాయి. ఎనిమిదో తరగతిలో ముప్పై అయిదుగురు పిల్లలు. తలా ఒకటి ఇస్తే ఒకటి మిగులుతుంది. ప్రధానోపాధ్యాయురాలు ఇందుమతి గారు వాటి బాధ్యత కూర్మారావుకు అప్పగించింది.

"మీ కన్నుగప్పి చీమ కూడా దూరలేదు కదా మాస్టారూ, మీరే చూసుకోండి" అందామె. ఆయన దాన్ని పొగడ్త అనుకున్నాడు.

ట్యాబ్‌లు పంపినవాళ్ల తరఫున జమీలా గారని ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి, నిదానస్తురాలు. రెండు రోజులు కూర్చుని ముప్పై ఆరింటినీ సిద్ధం చేసింది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క నంబరు లోపలే రాసిపెట్టింది. అన్నింటినీ ఒక ల్యాప్‌టాప్‌కు కలిపింది. ఆ ల్యాప్‌టాప్ తెరిస్తే ఒక పట్టిక కనబడుతుంది. ఏ నంబరు ట్యాబ్‌ను ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు వాడారు, చార్జింగ్ ఎంత ఉంది, అన్నీ అందులో తెలుస్తాయి.

"ఇక్కడ నొక్కితే అన్నింటికీ ఒకేసారి పాఠం వెళ్తుంది సార్. ఇక్కడ నొక్కితే అన్నీ ఆగిపోతాయి. ఏదైనా కనబడకపోతే ఆ నంబరు పక్కనున్న గంట బొమ్మ నొక్కండి, అది ఆన్‌లో ఉంటే గట్టిగా మోగుతుంది" అని చూపించింది.

"మీ ఇంట్లో కూర్చుని మీరు కూడా నొక్కగలరా?" అన్నాడు కూర్మారావు.

"లేదు సార్. పాస్‌వర్డ్ మీరే మార్చుకుంటారు కదా."

ఆయన ఆ రోజే దాన్ని మూడుసార్లు మార్చాడు.

వెళ్లేముందు జమీలా గారు నంబర్లు అచ్చువేసిన స్టిక్కర్లు ఇచ్చింది. "వీటిని ట్యాబ్ వెనకాల అంటించండి సార్. కవరుకి మాత్రం అంటించకండి. కవర్లు మారిపోతే మనిషి ఒకరు, చొక్కా ఇంకొకరిది అయిపోతుంది" అంది.

ఆమె ఆటో మలుపు తిరగ్గానే కూర్మారావు ఆలోచనలో పడ్డాడు. ఇంతగా ఎందుకు చెప్పింది? ఆ జిగురు తగిలితే ట్యాబ్ పాడవుతుందేమో. పాడయ్యాక, స్టిక్కర్ అంటించారు కాబట్టి మాకు సంబంధం లేదంటారేమో. ఇందులో ఏదో కిటుకుంది. అలా అనుకుని ముప్పై ఆరు స్టిక్కర్లనూ కవర్లకే అంటించి, తను మోసపోలేదని సంతోషించాడు.

ముప్పై అయిదు ట్యాబ్‌లు తరగతి గదిలోని బీరువాలో ఉండేవి. ఎవరికీ ఇవ్వని ముప్పై ఆరో ట్యాబ్‌ను ఆ బీరువా లోపలి లాకరులో పెట్టారు. తాళం చెవులు రెండు జతలు. ఒకటి కూర్మారావు దగ్గర, రెండోది ఆయా అసిరితల్లి దగ్గర. రోజూ సాయంత్రం ట్యాబ్‌లకు చార్జింగ్ పెట్టేది ఆమే. అసిరితల్లి ఆ బడిలో పదకొండేళ్లుగా పని చేస్తోంది. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, సంపాదన ఆమెదొక్కటే. చదువు రాదు, హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేది. కానీ ఏ ట్యాబ్ ఏ తీగకు పెట్టాలో ఒక్కనాడు తప్పలేదు.

రెండో తాళం చెవి ఆమె కొంగున వేలాడుతుంటే కూర్మారావుకు మెతుకు సయించేది కాదు.

దసరా సెలవులకు ముందురోజు బడిలో ఆయుధ పూజ చేశారు. ప్రయోగశాల సామాను, కంప్యూటరు, బడిగంట, అన్నిటికీ బొట్లు పెట్టారు. ట్యాబ్‌ల దగ్గరకు వచ్చేసరికి ఇందుమతి గారు, "కవర్ల మీదే పెట్టేయండి, సరిపోతుంది" అంది.

"కుదరదు మేడం" అన్నాడు కూర్మారావు. "పిల్లలు కవర్ల కింద చీటీలు దాస్తున్నారని నాకు అనుమానం. అన్నీ విప్పాల్సిందే."

విప్పారు. ముప్పై ఆరు కవర్లు విప్పితే దొరికింది ఒక చింతగింజ.

అసిరితల్లి ట్యాబ్‌లన్నింటినీ తుడిచి వరసగా పేర్చింది. ఎవరూ వాడని ముప్పై ఆరో దాన్ని సరస్వతి పటం ముందు పెట్టింది. మిగతావాటి వెనక చిన్న చిన్న కుంకుమ చుక్కలు పెట్టి, దానికి మాత్రం బొటనవేలితో తడి కుంకుమ అద్ది పెద్ద బొట్టు పెట్టింది. హారతి అయింది. పిల్లలు మళ్లీ కవర్లు తొడగబోయారు.

"ఎవరూ ముట్టుకోకండి! అందరూ బయటికి!" అన్నాడు కూర్మారావు. "ఇక్కడ ఎవరేం మార్చేస్తారో ఎవరికి తెలుసు? నేనే తొడుగుతాను. వరస అంతా నా బుర్రలో ఉంది."

అందరినీ పంపి తలుపు గడియ వేసుకున్నాడు. ట్యాబ్‌లన్నీ ఆపేసి ఒకటి, రెండు, మూడు అంటూ కవర్లు తొడుగుతూ పోయాడు. మధ్యలో కిటికీ దగ్గర ఏదో చప్పుడైంది. ఎవరో తొంగి చూస్తున్నారని అనుమానం వచ్చింది. చేతిలోని ట్యాబ్‌ను పటం దగ్గర పెట్టి కిటికీకి పరుగెత్తాడు. ప్రసాదం కోసం వచ్చిన మేక ఆయన వంక చూసింది. దాన్ని అదిలించి, వచ్చి, పని పూర్తి చేశాడు. బీరువాకు తాళం వేసి మూడుసార్లు లాగి చూశాడు.

సెలవులు అయ్యాయి. బడి తెరిచిన మొదటిరోజే పదకొండో నంబరు పిల్ల లిఖిత లేచి నిలబడింది.

"సార్, నా ట్యాబ్‌లో నావి ఏవీ లేవండి. వరి నాటిన రోజు నుంచి తీసిన ఫోటోలన్నీ పోయాయండి."

లిఖిత సైన్సు ప్రదర్శన కోసం రెండు నెలలుగా బడి వెనక పొలంలో వరి ఎదుగుదలను ఫోటోలు తీస్తోంది.

"పోవడమేంటి? హోంవర్కు చేయలేదు, అది బయటపడకుండా అన్నీ చెరిపేశావు. అంతేనా?"

"కాదండి..."

"కూర్చో!"

ఆ పిల్ల కూర్చుంది. ఇకముందు ఎదుగుదలనైనా తీద్దామని మళ్లీ ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. నిజం చెప్పిన పిల్ల నోరు మూయించడం ఎంత తేలికో చూడండి, ఒక్క మాట చాలింది.

నాలుగు రోజుల తర్వాత కూర్మారావు ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక చూశాడు. లాకరులో ఉండాల్సిన ముప్పై ఆరో ట్యాబ్‌ను రోజూ ఎవరో వాడుతున్నారు! నిన్న గంటసేపు, మొన్న గంటంబావు. పదకొండో నంబరును మాత్రం సెలవుల తర్వాత అసలు తెరవనే లేదు.

పదకొండు సంగతి ఆయనకు వెంటనే అర్థమైంది. ఆ పిల్లకు చదువు మీద శ్రద్ధ పోయింది. పిలిచి చీవాట్లు పెట్టాడు. "రోజూ తెరుస్తున్నానండి సార్" అని ఆ పిల్ల ఏడ్చింది. పక్కన కూర్చునే పిల్లలు కూడా అవునన్నారు. వాళ్లంతా ఒక్కటే అనుకున్నాడు.

మరి ముప్పై ఆరు? లాకరు తెరిచి చూశాడు. ట్యాబ్ తన కవరులో బుద్ధిగా ఉంది. ఆన్ చేసి చూస్తే ఆ నిమిషమే గుట్టు తేలిపోయేది. కానీ దాని మీద దొంగ వేలిముద్రలు ఉంటాయని, తను పట్టుకుంటే అవి చెరిగిపోతాయని ముట్టుకోలేదు. తలుపు మూశాడు. రెండో తాళం చెవి గుర్తొచ్చింది. ఇంకేముంది, అసిరితల్లి!

ఆ రోజు నుంచి కూర్మారావు నిఘా మొదలుపెట్టాడు. పట్టికలో ముప్పై ఆరు వాడిన వేళలు కాగితం మీద రాసుకున్నాడు. సరిగ్గా ఎనిమిదో తరగతికి ట్యాబ్ పాఠం జరిగే వేళలు అవి. "నేను పాఠంలో మునిగి ఉంటానని కనిపెట్టి ఆ సమయంలోనే వాడుతోంది. ఎంత తెలివి!" అనుకున్నాడు. ఆదివారం ఎవరూ వాడలేదు. "చూశావా, సెలవు రోజైతే దొరికిపోతానని జాగ్రత్త" అనుకున్నాడు. ఒకరోజు పాఠం మధ్యలో ఆమె కోసం తొంగి చూస్తే వరండా ఊడుస్తూ కనబడింది. అయినా పట్టికలో ముప్పై ఆరు వాడుతున్నట్టే ఉంది. "ఇంకెవరికో ఇచ్చి, తను ఊడుస్తున్నట్టు నటిస్తోంది" అనుకున్నాడు.

ఆఖరికి లాకరు తలుపు మీద అడ్డంగా కాగితం ముక్క అంటించి, దాని మీద అడ్డదిడ్డంగా సంతకం చేశాడు. మూడు రోజులైనా కాగితం చిరగలేదు. సంతకం చెదరలేదు. పట్టికలో మాత్రం ముప్పై ఆరు రోజూ గంట నడుస్తోంది.

మామూలు మనిషైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. కూర్మారావు ఆగలేదు.

"నా సంతకం నేర్చుకుంది! కాగితం చింపి, కొత్తది అంటించి, నా సంతకమే పెడుతోంది. అంటే ఇన్నేళ్లూ రాయడం రాదని వేలిముద్ర వేసిందంతా నాటకమే!"

ఆ మధ్యాహ్నమే ఇందుమతి గారికి ఫిర్యాదు రాసి ఇచ్చాడు. ఆమె చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"పదకొండేళ్ల మనిషి మాస్టారూ. ఇది నిజమైతే ఆమెను పనిలోంచి తీసేయక తప్పదు. తీసేస్తే మళ్లీ ఇంకెక్కడా పెట్టుకోరు. మీకు గట్టి నమ్మకమేనా?"

"నూటికి నూరు పాళ్లు."

"అయితే ఆమె ముందే మాట్లాడదాం."

అసిరితల్లిని పిలిపించారు. చీపురు గుమ్మం పక్కన పెట్టి లోపలికి వచ్చింది. ఫిర్యాదు చదివి వినిపిస్తే ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది.

"నానా? నాను తీసినానా బాబూ?" అంది. "ఆ లాకరు జోలికి నాను పండగ ముందు ఎల్లినాను, మల్లీ ఎల్లనేదు. దాన్ని వాడ్డం నాకేటి తెలుసు?"

"రోజూ గంటసేపు ఎవరు వాడుతున్నారు మరి? లాకరులో ఉన్నది ఉత్త డొల్లేమో, అసలుది మీ ఇంట్లో ఉందేమో!" అన్నాడు కూర్మారావు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"అమ్మగోరూ, ఇంట్లో ఫోను కనబడకపోతే ఇంకో ఫోనుతోటి కొట్టి సూస్తాం గదా. ఎక్కడుంటే అక్కడ మోగుద్ది. దీన్ని కొట్టి సూడ్డానికి నేదా?"

ఇందుమతి గారు కూర్మారావు వంక చూసింది. "ఉందా మాస్టారూ?"

"ఉంది... గంట బొమ్మ ఉంది" అన్నాడాయన.

"ఇన్నాళ్లూ ఎందుకు నొక్కలేదు?"

"దొంగ జాగ్రత్త పడుతుందని."

ముగ్గురూ ఎనిమిదో తరగతికి వెళ్లారు. అది ట్యాబ్ పాఠం వేళ, కూర్మారావు ముందే పంచిన ట్యాబ్‌లు పిల్లల ముందు తెరిచి ఉన్నాయి. పిల్లలు లేచి నిలబడ్డారు, కూర్చోమన్నారు. కూర్మారావు ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. బీరువా తెరిచి, కాగితం అంటించిన లాకరు అందరికీ చూపించాడు.

"ఈ లాకరులోంచి చప్పుడు రాదు, చూడండి. బడి పక్కనున్న అసిరితల్లి వాళ్ల వీధిలో మోగుతుంది. అందరూ విందురుగాని" అన్నాడు.

అసిరితల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. కూర్మారావు ముప్పై ఆరు పక్కనున్న గంట బొమ్మ నొక్కాడు.

గదంతా అదిరిపోయేలా మోత మొదలైంది. లాకరులోంచి కాదు, అసిరితల్లి వీధిలోంచి కాదు. మూడో బల్ల మీద, లిఖిత చేతుల్లోంచి.

పిల్ల భయపడి ట్యాబ్‌ను బల్ల మీద పడేసి వెక్కి వెక్కి ఏడ్చింది. కవరు మీద పదకొండు అని ఉంది. లోపలిది మోగుతూనే ఉంది.

"ఇద్దరూ కుమ్మక్కయ్యారు!" అని అరిచాడు కూర్మారావు. "ఆయా తీసి ఈ పిల్లకిచ్చింది! కవరు మార్చేసి వాడుతున్నారు!"

"మీరు కాసేపు ఆగండి మాస్టారూ" అంది ఇందుమతి గారు. మోత ఆపించింది. ట్యాబ్ తీసుకుని పదకొండో కవరు మెల్లగా విప్పి, వెనక్కి తిప్పింది.

దాని వీపు మీద పెద్ద కుంకుమ బొట్టు ఉంది. ఎండి, అంచులు కొంచెం రాలిపోయి ఉంది. మధ్యలో మాత్రం బొటనవేలి గీతలు గీతలుగా స్పష్టంగా పడి ఉన్నాయి.

అసిరితల్లి గుమ్మం దగ్గరనుంచి ఒక్క అడుగు ముందుకు వేసింది.

"అది నాను పెట్టిన బొట్టే అమ్మగోరూ. పూజనాడు పటం ముందు పెట్టినాం సూడండి, దానికి. పెద్ద బొట్టు దానికొక్కదానికే పెట్టినాను. మిగతావోటికి సుక్కలే."

ఇందుమతి గారు లాకరు మీది కాగితాన్ని కూర్మారావు చేతే చింపించింది. లోపలి ట్యాబ్ ముప్పై ఆరో కవరులో ఉంది. కవరు విప్పితే వెనకాల చిన్న చుక్క. దాన్ని చార్జింగ్‌కు పెట్టి ఆన్ చేశారు. లోపలి నంబరు పదకొండు. తెరవగానే నాటు వేసిన రోజు పొలం, ఆ తర్వాత వారం పొలం, మోకాలెత్తు పైరు, ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు వచ్చాయి.

"నావే! అన్నీ ఉన్నాయండి!" అని లిఖిత ఏడుపు ఆపి నవ్వింది.

"బొట్టు పెట్టాక వీటికి కవర్లు తొడిగింది ఎవరు?" అని ఇందుమతి గారు పిల్లలను అడిగింది.

పిల్లలు మాస్టారి వంక చూశారు. చెప్పాలంటే భయం. ఆఖరికి అసిరితల్లే మెల్లగా, "మమ్మల్నందర్నీ బయటికి తోలేసినారు గదండీ ఆ రోజు" అంది.

కూర్మారావుకు మేక గుర్తొచ్చింది. చేతిలోని ట్యాబ్‌ను పటం ముందున్న ముప్పై ఆరోదాని పక్కన పెట్టి పరుగెత్తడం గుర్తొచ్చింది. జమీలా గారు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఏ వేలిముద్ర చెరిగిపోతుందని ట్యాబ్‌ను ముట్టుకోకుండా కాపలా కాశాడో, ఆ వేలిముద్ర ఇప్పుడు కళ్ల ముందు ఎర్రగా కనబడుతోంది. అది అసిరితల్లిదే. కాకపోతే దాని మీదికి వేరే కవరు తొడిగిన చేయి మాత్రం తనది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి ఫిర్యాదు కాగితాన్ని అందరి ముందూ రెండుగా చింపాడు.

"ఆ రోజు ఈ గదిలో ఉన్నది నేనొక్కడినే" అన్నాడు. "అందరినీ అనుమానించాను. నన్ను నేను ఒక్కసారీ అనుమానించలేదు. అమ్మా అసిరితల్లీ, తప్పు నాది. నన్ను క్షమించు. లిఖితా, నువ్వు మొదటిరోజే నిజం చెప్పావు. నేనే వినలేదు."

అసిరితల్లి కొంగున ముడి విప్పింది. తాళం చెవుల జత తీసి బల్ల మీద పెట్టింది.

"తప్పు ఒప్పుకున్నారు, అంతే సాలు బాబూ. నాను ఊడుస్తాను, తుడుస్తాను. ఈ తాళాలు మాత్రం నాకొద్దు. రేపు మల్లీ ఏదన్నా జరిగితే, ఏడ్సే ఓపిక నాకు నేదు" అంది. చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ముప్పై ఆరు ట్యాబ్‌లకూ సాయంత్రం పూట కూర్మారావే చార్జింగ్ పెట్టుకోవలసి వచ్చింది. ఏ తీగ దేనిదో తెలియక తికమక పడేవాడు. అసిరితల్లి వరండాలో ఊడుస్తూ చూసేది, ఏమీ అనేది కాదు. అది ఆయనకు చీవాట్ల కన్నా ఎక్కువ బాధగా ఉండేది. స్టిక్కర్లు కవర్ల మీంచి ఒలిచి, జమీలా గారు చెప్పినట్టు ట్యాబ్‌లకే అంటించాడు. రోజూ గుమ్మం దాకా వెళ్లి తాళం చెవులు తీసుకోమని అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది.

మరుసటి దసరాకు మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు కూర్మారావు ఎవరినీ బయటికి పంపలేదు. కవర్లు విప్పడం, తొడగడం పిల్లలకే వదిలేసి, తను హారతి పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అంతా అయ్యాక అసిరితల్లి బీరువా దగ్గరకు వచ్చి, ఆయన చేతిలో ఉన్న తాళం చెవుల్లోంచి ఒక జత తనే తీసి కొంగున కట్టుకుంది. కూర్మారావు ఆ సాయంత్రం గదికి తాళం వేసి, ఒక్కసారి కూడా లాగి చూడకుండా ఇంటికి వెళ్లాడు.

నీతి: తప్పు జరిగినప్పుడు ఇతరుల చేతులను అనుమానించే ముందు, మన చేతులు ఏం చేశాయో చూసుకోవాలి.